పక్కకీ కిందకీ ఒకేసారి జరిగిన ఫాల్ట్‌ని చమురు బేసిన్లలో ఎలా కొలవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో జియాలజీ, జియోఫిజిక్స్, పెట్రోలియం ఇంజనీరింగ్ చదివే పిల్లలు, సైస్మిక్ డేటాతో కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది, కొన్నిటికి సరిపోలేదు. సైస్మిక్ సెక్షన్ (ధ్వని తరంగాలతో తీసిన నేల నిలువు కోత బొమ్మ) మీద స్కేలు పెట్టి కొలిచిన అంకెనే ఫాల్ట్ జరిగిన దూరం అని రిపోర్టులో రాసేయడం ఇప్పటికీ చూస్తున్నాం. అది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెప్పడానికే ఇదంతా.

అసలు ఆబ్లిక్ స్ట్రైక్-స్లిప్ అంటే ఏంటి?

ఫాల్ట్ అంటే రాళ్లు తెగి జరిగిన పగులు. దానికి రెండు వైపులా ఉన్న రాళ్లు ఒకదాని పక్క నుంచి ఒకటి అడ్డంగా జరిగితే స్ట్రైక్-స్లిప్. వాలు వెంట కిందకో పైకో జారితే డిప్-స్లిప్. రెండూ కలిసి ఐమూలగా జరిగితే ఆబ్లిక్. పుస్తకాల్లో మూడింటికీ వేరువేరు బొమ్మలు వేస్తారు కానీ నేలలో చాలా ఫాల్ట్‌ల కదలికలో ఎంతో కొంత ఐమూల ఉంటుంది. మనకి కావలసినవి రెండే: మొత్తం ఎంత దూరం జరిగింది, ఏ కోణంలో జరిగింది. దూరాన్ని నెట్ స్లిప్ అంటాం. ఫాల్ట్ తలం మీద స్ట్రైక్ గీతకీ (తలం మీద వాలు లేకుండా మట్టంగా పోయే గీత) జరిగిన దిశకీ మధ్య ఉన్న కోణం రేక్. రేక్ సున్నా అయితే కదలిక పూర్తిగా పక్కకే, 90 డిగ్రీలు అయితే పూర్తిగా వాలు వెంటే.

సెక్షన్‌లో పొర 350 మీటర్లు తెగి దిగినట్టు స్పష్టంగా కనిపిస్తోంది కదా, అదే స్లిప్ అనుకోకూడదా?

అనుకోకూడదు. పెంకుటింటి కప్పుని ఊహించుకోండి. నడికొప్పు నుంచి చూరు దాకా కోసి, ఒక సగాన్ని ఎత్తు మారకుండా అడ్డంగా, చూరు వైపుకి జరపండి. కోసిన గీత దగ్గర రెండు సగాల మధ్య మెట్టు ఏర్పడుతుంది. ఎవరూ దేన్నీ ఎత్తలేదు, దించలేదు. కప్పు వాలుగా ఉండటం వల్లే మెట్టు వచ్చింది.

పొరలూ అంతే. ఫాల్ట్ వెంట చూసినప్పుడు పొర 10 డిగ్రీలు వాలి ఉంటే, ఫాల్ట్ కేవలం పక్కకి 2 కిలోమీటర్లు జరిగినా సెక్షన్‌లో దాదాపు 350 మీటర్ల నిలువు తేడా కనిపిస్తుంది (2000ని టాన్ 10తో, అంటే 0.176తో గుణించండి). ఆ సెక్షన్ ఒక్కటే చూసినవాళ్లు దాన్ని నార్మల్ ఫాల్ట్ (ఫాల్ట్ తలానికి పైనున్న రాయి కిందకి జారినది) అని రాసేస్తారు. ఇంకొన్ని కిలోమీటర్ల అవతల పొర వాలు తిరగబడి ఉంటే అదే ఫాల్ట్ అక్కడ రివర్స్ ఫాల్ట్ (పైనున్న రాయి పైకెక్కినది) అయిపోతుంది. ఒకే ఫాల్ట్ ఒక చోట నార్మల్‌గానూ ఇంకో చోట రివర్స్‌గానూ కనిపిస్తుంటే అది పక్కకి జరిగిందేమోనని ముందు అనుమానించాలి.

దీనికి ఎదురు కేసు ఇంకా ప్రమాదం. ఫాల్ట్ తలం మీద పొర తెగిన గీత ఏ కోణంలో ఉందో సరిగ్గా ఆ కోణంలోనే రాయి జారితే, కిలోమీటర్ల కొద్దీ జరిగినా సెక్షన్‌లో పొర తెగినట్టే ఉండదు. ఫాల్ట్ లేదని గీత చెరిపేసి ముందుకి వెళ్లిపోతాం.

సెక్షన్ చూపించేది సెపరేషన్, అంటే పైకి కనిపించే ఎడం. స్లిప్ అంటే ఒకప్పుడు కలిసి ఉన్న రెండు బిందువుల మధ్య ఇప్పుడున్న దూరం. పొర ఒక తలం, దాని మీద ఏ బిందువు ఏ బిందువుకి జతో చెప్పే గుర్తు ఉండదు.

మరి దేన్ని పట్టుకుని కొలవాలి?

గీతని. ఫాల్ట్‌కి అడ్డంగా వెళ్తూ దాని చేత తెగిన ఏదైనా గీత లాంటి ఆకారం కావాలి. అది ఫాల్ట్ తలాన్ని రెండు వైపులా ఒక్కో బిందువు దగ్గర గుచ్చుకుంటుంది, అందుకే వాటిని పియర్సింగ్ పాయింట్లు అంటారు. చమురు బేసిన్లలో అలాంటి గీతలు బాగానే దొరుకుతాయి: పాత నదీ చానెల్ నడి గీత, ఇసుకరాయి పలచబడి అయిపోయే అంచు, మడత ఇరుసు, ఒక పాత ఫాల్ట్ పొరని తాకిన గీత, కార్బనేట్ గట్టు అంచు. ఒక పొర మందం సరిగ్గా 50 మీటర్లు ఉండే కాంటూర్ గీత కూడా పనికొస్తుంది. కాకపోతే ఆ మందం తేడా ఫాల్ట్ కదులుతుండగా పోగుపడ్డ మట్టి వల్ల వచ్చింది కాకూడదు.

పెద్ద స్థాయిలో దీనికి మంచి ఉదాహరణ కాలిఫోర్నియా. శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్‌కి పడమర ఉన్న పినకిల్స్ అగ్నిపర్వత శిలలూ, తూర్పున చాలా దక్షిణంగా ఉన్న నీనాక్ శిలలూ ఒకే గుట్టకి చెందినవని, రసాయన గుణాలు, పొరల వరస, వయసు పోల్చి 1976లో చూపించారు. వాటి మధ్య ఎడం ఇప్పుడు సుమారు 315 కిలోమీటర్లు. అంతకు చాలా ముందే, 1953లో, మేసన్ హిల్, టామ్ డిబ్లీ ఈ ఫాల్ట్ వందల కిలోమీటర్లు జరిగిందని రాస్తే చాలామంది నమ్మలేదు. ఇద్దరూ చమురు కంపెనీలో పనిచేసిన జియాలజిస్టులే అన్నది మన రంగం వాళ్లు గుర్తుంచుకోవాలి.

చానెల్ తెగి పక్కకి జరిగినట్టు కనిపిస్తే చాలా? ఎలా నమ్మాలి?

చాలదు. చానెల్ దానంతట అదే మెలిక తిరిగి ఫాల్ట్ వెంట కొంత దూరం పారి ఉండొచ్చు. నదులకి ఆ అలవాటు ఉంది, బలహీనమైన రాయి దొరికితే అటే పోతాయి. అందుకే రెండు వైపులా వెడల్పు, లోతు, లోపల నిండిన మట్టి తీరు, సైస్మిక్‌లో దాని మెరుపు పోల్చాలి. ఒకటి కాకుండా రెండు మూడు చానెళ్లు ఒకే దిశలో ఇంచుమించు ఒకే దూరం జరిగి ఉంటే నమ్మకం బాగా పెరుగుతుంది. లోతు పొరల్లో చానెల్ ఎక్కువ, పై పొరల్లో తక్కువ జరిగి ఉంటే ఇంకా మంచిది. ఫాల్ట్ మధ్యమధ్యలో కదులుతూ వచ్చిందని, ఏ కాలంలో ఎంత కదిలిందో కూడా అక్కడే బయటపడుతుంది.

ఇంకో మాట. చానెల్ ఫాల్ట్‌ని ఏటవాలుగా తాకుతుంటే దాని నడి గీతని ఫాల్ట్ తలం దాకా పొడిగించి అక్కడ కొలవాలి. ఫాల్ట్‌కి 200 మీటర్ల ముందే చానెల్ మసకబారిపోతే ఆ 200 మీటర్లలో మీరు ఊహించి గీసిన గీతే మీ కొలతలో అతి పెద్ద తప్పుకి కారణం కావచ్చు.

ఒక లెక్క చేసి చూపించండి.

అంకెలు ఉదాహరణకే. ఫాల్ట్ వాలు 70 డిగ్రీలు. చానెల్ నడి గీత ఫాల్ట్ స్ట్రైక్ వెంట 1200 మీటర్లు జరిగింది. రెండు వైపులా అదే చానెల్ అడుగుకి టూ-వే టైమ్‌లో (తరంగం కిందకి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్ల తేడా ఉంది. అక్కడ వేగం సెకనుకి 3000 మీటర్లు అనుకుంటే, సగం చేసి గుణిస్తే 300 మీటర్లు. ఇది త్రో, అంటే నిలువు తేడా.

వాలు వెంట జారింది: 300ని సైన్ 70తో భాగిస్తే 319 మీటర్లు. నెట్ స్లిప్: 1200 వర్గం, 319 వర్గం కలిపి వర్గమూలం తీస్తే దాదాపు 1240 మీటర్లు. రేక్: 319ని 1200తో భాగించి టాన్ విలోమం తీస్తే 15 డిగ్రీలు.

సెక్షన్ ఒక్కటే నమ్ముకుని ఉంటే 300 అని రాసేవాళ్లం, అసలు కదలికలో నాలుగో వంతు.

మా దగ్గర మంచి 3డి సైస్మిక్ ఉంది. టైమ్ స్లైస్ తీసి పక్కకి ఎంత జరిగిందో నేరుగా కొలవొచ్చా?

టైమ్ స్లైస్ (డేటాని ఒకే టైమ్ దగ్గర అడ్డంగా కోసిన బొమ్మ) మీద వద్దు. ఫాల్ట్‌కి నిలువు కదలిక కూడా ఉంది కాబట్టి ఒకే టైమ్ దగ్గర కోస్తే ఒక వైపు పాత పొర, ఇంకో వైపు కొత్త పొర కనిపిస్తాయి. రెండు వేర్వేరు కాలాల చానెళ్లని జత కలిపే ప్రమాదం ఉంది. ముందు హొరైజన్‌ని (సైస్మిక్‌లో ఒకే పొర కనిపించే గీతని) రెండు వైపులా జాగ్రత్తగా గీసి, దాన్ని చదును చేసి, ఆ హొరైజన్ వెంట స్లైస్ తీయండి. 1995 తర్వాత వాడుకలోకి వచ్చిన కోహెరెన్స్ (పక్కపక్క సైస్మిక్ గీతలు ఎంత పోలి ఉన్నాయో చూపే లెక్క) లాంటి యాట్రిబ్యూట్‌లు ఇక్కడ చాలా సాయం చేస్తాయి. చానెల్ అంచులు, ఫాల్ట్ గీతలు రెండూ ఒకే బొమ్మలో నల్లగా తేలతాయి.

నిలువు వైపు హద్దు కూడా తెలుసుకోండి. వేగం 3000, ఫ్రీక్వెన్సీ 30 హెర్ట్జ్ అయితే తరంగ దైర్ఘ్యం 100 మీటర్లు. అందులో పావు వంతు, అంటే 25 మీటర్ల కంటే పలచని పొరకి పైఅంచు, కింది అంచు విడివిడిగా కనపడవు, చిన్న త్రోని కొలవడం కూడా ఆ దగ్గర్లోనే కష్టమవుతుంది. బాగా పక్కకి జరిగి కొంచెమే దిగిన ఫాల్ట్ నిలువు సెక్షన్‌లో దాక్కుంటుంది, మ్యాప్‌లోనే దొరుకుతుంది.

ఫ్లవర్ స్ట్రక్చర్ కనిపిస్తే స్ట్రైక్-స్లిప్ అని రాసేయొచ్చా?

అది అనుమానానికి ఆధారం, రుజువు కాదు. కింద ఒకే నిట్టనిలువు ఫాల్ట్, పైకి వచ్చేసరికి విడిపోయిన కొమ్మలు ఉంటే ఫ్లవర్ అంటాం. కానీ మామూలు నార్మల్ ఫాల్ట్‌ల జత కూడా అచ్చం అలాగే కనిపించవచ్చు. ప్లాన్‌లో, అంటే పైనుంచి చూసే మ్యాప్‌లో చూడండి: చిన్న ఫాల్ట్‌లు మెట్లు మెట్లుగా ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయా, మడతల ఇరుసులు పెద్ద ఫాల్ట్‌కి ఏటవాలుగా ఉన్నాయా అని. ఇవన్నీ ఉన్నా కూడా ఎటు జరిగిందో తెలుస్తుంది కానీ ఎంత జరిగిందో తెలియదు.

బావుల డేటా ఎంతవరకు పనికొస్తుంది?

బావిలో పొరల్లో కొంత భాగం లేకుండా పోతే నార్మల్ అని, అదే పొర రెండుసార్లు వస్తే రివర్స్ అని నేర్పిస్తారు. పొరలు వాలి ఉన్నప్పుడు ఐమూల కదలికలో రెండూ జరగొచ్చు. ఇమేజ్ లాగ్ (బావి గోడ బొమ్మ) ఫాల్ట్ తలం వాలునీ దిశనీ బాగా చెబుతుంది, జారిన దిశని చెప్పదు. దానికి కోర్ (బావిలోంచి తీసిన రాతి కడ్డీ) కావాలి, అదీ ఉత్తరం ఎటుందో గుర్తు పెట్టి తీసిన కోర్. అన్నిటికంటే విలువైన సూచన మరొకటి: ఫాల్ట్‌కి అటూ ఇటూ దగ్గరదగ్గరగా ఉన్న రెండు బావుల్లో ఒకే వయసు పొర ఒక చోట నది ఇసుక, ఇంకో చోట లోతు సముద్రపు షేల్ (బంకమట్టి రాయి) అయి, మధ్యలో మారుతున్న ఛాయ కూడా లేకపోతే, ఆ రెండూ ఎక్కడెక్కడో పుట్టి పక్కపక్కకి వచ్చాయని అనుమానించాలి.

రాతి మీద స్లికెన్‌సైడ్ (రాపిడికి నునుపు తేలిన ఫాల్ట్ ముఖం) గీతలు ఉన్నాయి. రేక్ అక్కడే దొరికిపోయింది కదా?

ఆ చోట, చివరిగా జరిగిన కదలిక రేక్ దొరికింది. నునుపు తేలిన ముఖం మీద వేలు పెట్టి గీతల వెంట అటూ ఇటూ రాయండి. చాలాసార్లు ఒక వైపు జారుడుగా, ఎదురు వైపు చిన్న చిన్న మెట్లు వేలికి తగులుతాయి. జారుడుగా పోయిన వైపుకే ఎదుటి రాయి పోయిందని సాధారణంగా అంటారు. కానీ ఆ మెట్లు తప్పుదారి కూడా పట్టిస్తాయి, అందుకే వాటి మీద పెరిగిన కాల్సైట్ లేదా క్వార్ట్జ్ పోగుల దిశతో సరిచూసుకోవాలి. ఒకే ముఖం మీద రెండు వరసల గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కూడా ఉంటాయి. పది కోట్ల ఏళ్ల చరిత్రలో చివరి గీత ఒక్కటే మీ చేతికి తగిలిందన్నమాట.

2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం ఈ విషయంలో అపురూపమైన సాక్ష్యం ఇచ్చింది. సగైంగ్ ఫాల్ట్ పక్కనే ఉన్న ఒక సీసీ కెమెరాలో నేల జారడం నేరుగా రికార్డయింది. ఆ వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా కొలిస్తే సుమారు 1.3 సెకన్లలో 2.5 మీటర్లు జరిగిందని, జారిన దారి తిన్నగా కాక కొంచెం వంపు తిరిగిందని తేలింది. అంటే ఒక్క భూకంపంలోనే రేక్ మారుతుంది. ఒకప్పుడు మన తీరం నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్లిన కుటుంబాలు విశాఖ, శ్రీకాకుళం వైపు ఎన్నో ఉన్నాయి. ఆ దేశంలో యెనాంగ్‌యాంగ్ చమురు క్షేత్రాలున్న మధ్య బేసిన్‌కి తూర్పు హద్దు ఈ ఫాల్టే.

జీపీఎస్, ఇన్‌సార్ (శాటిలైట్ రాడార్ బొమ్మలతో నేల కదలిక కొలిచే పద్ధతి) ఉండగా ఇంత కష్టం ఎందుకు?

అవి ఇవాళ్టి కదలికని కొలుస్తాయి, మనకి కావలసింది చమురు పోగుపడిన కాలం నాటిది. అయినా ఫాల్ట్ ఇంకా బతికి ఉంటే అవి చాలా అవసరం. ఇన్‌సార్ శాటిలైట్ చూపు దిశలో దూరం ఎంత మారిందో మాత్రమే చెబుతుంది. అందుకే ఎక్కే దారిలో, దిగే దారిలో తీసిన రెండు రకాల బొమ్మలూ కలిపి నిలువునీ తూర్పు-పడమరనీ విడదీస్తాం. శాటిలైట్లు ఇంచుమించు ఉత్తర-దక్షిణంగా తిరుగుతూ పక్కకి చూస్తాయి కాబట్టి ఉత్తర-దక్షిణ కదలిక వాటికి సరిగ్గా ఆనదు. సగైంగ్ ఫాల్ట్ జరిగేది ఆ దిశలోనే, కాబట్టి అక్కడ బొమ్మల్లో పిక్సెల్ ఎంత జరిగిందో పోల్చే పద్ధతి వాడాలి. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ రాడార్ శాటిలైట్ ఎల్-బ్యాండ్ (సీ-బ్యాండ్ కంటే పొడవైన తరంగాలు) కూడా వాడుతుంది. చెట్లు దట్టంగా ఉన్న చోట సీ-బ్యాండ్ కంటే అది నిలకడగా పనిచేస్తుంది.

చమురు క్షేత్రాల్లో ఒక చిక్కు ఉంది. చమురు తోడితే నేల కుంగుతుంది. కాలిఫోర్నియాలోని విల్మింగ్టన్ దగ్గర దాదాపు 9 మీటర్లు కుంగింది, తర్వాత నీళ్లు ఎక్కించి ఆపారు. ఇలాంటి చోట నిలువు కదలికని ఫాల్ట్ ఖాతాలో వేసే ముందు ప్రొడక్షన్ లెక్కలు తెప్పించుకుని చూడండి.

భూకంపం బీచ్‌బాల్ బొమ్మ (తరంగాల నుంచి ఫాల్ట్ తలం, జారిన దిశ లెక్కగట్టి గీసేది) నుంచి రేక్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ అది రెండు తలాలు ఇస్తుంది, రెంటికీ వేర్వేరు రేక్‌లు. ఏది అసలు ఫాల్టో ఆఫ్టర్‌షాక్‌ల వరస గానీ మ్యాప్ గానీ చెప్పాలి.

మన కేజీ బేసిన్‌లో ఇదంతా వర్తిస్తుందా?

కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ ప్రధానంగా సాగి చిరిగిన బేసిన్. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఇండియా, అంటార్కిటికా విడిపోయినప్పుడు ఈశాన్యం నుంచి నైరుతికి పోయే గట్లు, లోయలు ఏర్పడ్డాయి. దాని కింద, ఇంచుమించు లంబంగా, వాయవ్యం నుంచి వచ్చే ప్రాణహిత-గోదావరి గోండ్వానా లోయ ఉంది. ఇలా పాత చిరుగు మీద కొత్త చిరుగు పడ్డ చోట సాగే దిశ, ఫాల్ట్ దిశ ఒకదానికొకటి సరిగ్గా లంబంగా ఉండాలని ఏమీ లేదు. లేకపోతే ఐమూల కదలిక వస్తుంది. పిఠాపురం క్రాస్ ట్రెండ్ లాంటి అడ్డగీతల దగ్గర ఈ ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి.

సముద్రంలోకి వెళ్తే కథ వేరు. అక్కడి చిన్న వయసు పొరల్లో గ్రోత్ ఫాల్ట్‌లు ఎక్కువ, మట్టి బరువుకి వాలు మీద జారినవి. అవి ప్లాన్‌లో వంపుగా ఉంటాయి. నడిమి భాగంలో కదలిక వాలు వెంటే, కానీ రెండు కొసల దగ్గర ఫాల్ట్ దిశ తిరిగిపోతుంది, జారే దిశ మాత్రం తిరగదు. కాబట్టి కొసల దగ్గర అదే ఫాల్ట్ ఆబ్లిక్ అవుతుంది, ఇంకా అంచుకి పోతే దాదాపు స్ట్రైక్-స్లిప్. టెక్టానిక్ ఫాల్ట్ అని పెద్ద పేరు పెట్టే ముందు ఇది చూసుకోండి. దక్షిణాన కావేరి వైపు తీరం విడిపోయిన తీరులో పక్కకి జరగడం పాత్ర ఎక్కువ.

పక్కకి జరిగితే జరిగింది, చమురు వెతికేవాళ్లకి తేడా ఏంటి?

చాలా తేడా. ఫాల్ట్ చమురుని ఆపుతుందా లేదా అన్నది ఎదురెదురుగా ఏ రాళ్లు వచ్చాయో, ఫాల్ట్ మధ్యలో ఎంత బంకమట్టి నలిగిందో దాన్ని బట్టి ఉంటుంది. షేల్ గౌజ్ రేషియో అనే లెక్క ఒక బిందువు పక్క నుంచి జారిపోయిన రాళ్లలో బంకమట్టి శాతం చూస్తుంది. సాఫ్ట్‌వేర్ చాలావరకు త్రో తీసుకుని, రాళ్లు నిలువుగా జారాయనుకుని లెక్కేస్తుంది. మన ఉదాహరణలో అసలు జారింది 15 డిగ్రీల రేక్‌తో 1240 మీటర్లు, అంటే ఆ బిందువు పక్క నుంచి పోయిన రాళ్లు కిలోమీటరు అవతలివి. అక్కడ ఇసుక ఎక్కువైతే సీల్ అనుకున్నది కారిపోతుంది. ట్రాప్ ఆకారం, సోర్స్ రాయి ఉడికిన చోటు నుంచి చమురు వచ్చిన దారి, అన్నీ పక్కకి జరిగిన దూరాన్ని బట్టి మారతాయి.

బాలెన్స్‌డ్ సెక్షన్‌తో వెనక్కి జరిపి చూస్తే?

ఆ పద్ధతి (సెక్షన్‌లో పొరల కొలతలు మారకుండా ఫాల్ట్‌ని వెనక్కి జరపడం) రాయి సెక్షన్ తలంలోంచి బయటకి పోలేదనే నమ్మకం మీద నడుస్తుంది. ఇక్కడ పోయింది. కాబట్టి మ్యాప్‌లో, లేదా 3డిలో వెనక్కి జరపాలి.

హాస్టల్‌లో చేసి చూసే ప్రయోగం ఏమైనా ఉందా?

ఉంది. రెండు పలకలు పక్కపక్కన పెట్టి, మీద రెండు అంగుళాల మందాన తడి బంకమట్టి చదునుగా పరవండి. కుమ్మరి మట్టి దొరికితే శ్రేష్ఠం. పైన ఒక గాజుతో గుండ్రటి అచ్చులు వేయండి. ఇప్పుడు ఒక పలకని మెల్లగా పక్కకి తోయండి. ముందు గాజు అచ్చులు కోలగా సాగుతాయి, తర్వాత తోసే దిశకి 15 డిగ్రీల దగ్గర్లో చిన్న చిన్న పగుళ్లు వరసగా పడతాయి. 1929లో రీడెల్ ఇలాంటి ప్రయోగంలో చూసినవే ఇవి, ఆయన పేరుతోనే పిలుస్తారు. తోస్తూనే పలకని కొంచెం ఎడం చేయండి, మధ్యలో లోయ దిగుతుంది. కొంచెం దగ్గరికి నొక్కండి, గట్టు లేస్తుంది. ప్రతి అడుగు దగ్గర ఫోన్‌తో సరిగ్గా పైనుంచి ఫొటో తీసి, చివర్లో మట్టిని నిలువునా కోసి చూడండి. మీరు ఎంత తోశారో మీకు తెలుసు కదా, కోసిన ముఖం చూసి ఆ అంకె ఎవరైనా చెప్పగలరేమో పక్క రూమ్ వాళ్లని అడగండి.

రిపోర్టులో ఏ అంకె రాయాలి? ఎర్రర్ ఎంత?

ఒకే అంకె రాయకండి, పరిధి రాయండి, ఏ కారణం వల్ల ఎంతో విడిగా చూపండి. పైన చేసిన లెక్కనే తీసుకోండి. ఫాల్ట్ వాలు 70 కాక 60 అనుకుంటే నెట్ స్లిప్ 1249, 80 అనుకుంటే 1238. ఇంచుమించు ఏమీ మారలేదు, రేక్ మాత్రం 14 నుంచి 16 మధ్య ఊగింది. వేగం 2800 నుంచి 3200 మధ్య మారితే త్రో 280 నుంచి 320 అవుతుంది, నెట్ స్లిప్ మీద దాని ప్రభావం కూడా కొద్దిగానే. కానీ చానెల్ నడి గీతని 100 మీటర్లు అటూ ఇటూ గీస్తే నెట్ స్లిప్ 1145 నుంచి 1340 దాకా పోతుంది. తక్కువ రేక్ ఉన్న ఫాల్ట్‌ల్లో వెలాసిటీ మోడల్ మీద వారాలు గడిపి, చానెల్ అంచుని పది నిమిషాల్లో గీసేయడం తలకిందుల పని. ఇద్దరు వేర్వేరుగా, ఒకరిది ఒకరు చూడకుండా గీసి, రెండు గీతల తేడానే ఎర్రర్‌గా రాయండి. స్లిప్ రేటు కూడా కావాలంటే ఆ దూరాన్ని పొర వయసుతో భాగించాలి, వయసులో ఉన్న తేడా కూడా అప్పుడు దీనికి తోడవుతుంది. కాలిఫోర్నియాలోని వాలెస్ క్రీక్‌లో 130 మీటర్లు జరిగిన వాగుకి రేడియోకార్బన్ వయసు పట్టుకుని 1984లో ఏడాదికి 34 మిల్లీమీటర్లని తేల్చినవాళ్లు కూడా పక్కనే దాదాపు 3 మిల్లీమీటర్లు అటూ ఇటూ అని రాశారు.